కారమ్మ చూసిన ఎర్ర దీపం

మొన్న ఒక కొత్త కారు, బండ్ల కరెంటు పని చేసే నా షెడ్డుకు వచ్చింది. తెచ్చిన అమ్మాయికి బెంగళూరులో ఉద్యోగం, హోసూరులో కాపురం. బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్ర దీపం ఒక్కోసారి వెలుగుతోందని, ఒక్కోసారి మామూలుగానే ఉంటోందని చెప్పింది. నేను డ్రైవరు సీట్లో కూర్చుని ఇంజను వేసి, మీటర్ల మీద ఎడమ చెయ్యి గొడుగులా పట్టి, ముఖం దగ్గరగా పెట్టి ఆ సందులోకి చూస్తూ ఉండిపోయాను.

"ఏం చూస్తా ఉన్నారన్నా? వెలిగితే తెలుస్తుంది కదా," అంది ఆ అమ్మాయి.

నిజమే. ఇప్పటి బండ్లలో దీపం వెలిగితే ఎండలోనైనా కళ్లకు కొట్టినట్టు వెలుగుతుంది. లేకపోతే పూర్తిగా ఆరి ఉంటుంది. చెయ్యి అడ్డం పెట్టి వెతకాల్సిన పని లేదు. కొంచెం సిగ్గుపడి చెయ్యి తీసేశాను. అలా చూడటం నాకు మొదటి నుంచీ ఉన్న అలవాటు కాదు. ఒకావిడ దగ్గర నుంచి అంటుకుంది. ఆమె పోయి ఇంకా నెల కాలేదు. నిద్రలోనే పోయిందని ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది.

ఆమె పేరు రాయను. బతికి ఉండగా ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. హోసూరు కూరగాయల మార్కెట్టులో అందరికీ ఆమె కారమ్మ. తళి వైపు మిట్ట మీద ఊరు వాళ్లది. తాతల నాటి భూమి, సొంత సేద్యం. గుండ్రటి వీపున్న పాత తెల్ల కారు ఒకటి ఉండేది. దాని వెనక సీటు పీకేసి, ఆ జాగాలో చిక్కుడు మూటలు, కొత్తిమీర కట్టలు వేసుకుని, తానే నడుపుకుంటూ పొద్దున్నే మార్కెట్టుకు దిగేది. కారు నడిపే అమ్మ కాబట్టి కారమ్మ. "ఆ నోటికి కూడా అదే పేరు సరిపోతాది," అనేవాడు మా ఎదురు టీ అంగడాయన. కానీ ఆమె ఎవరినీ గట్టిగా ఒక మాట అన్నది నేను వినలేదు. అడిగిందే మళ్లీ అడుగుతుంది, జవాబు వచ్చేదాకా మెత్తగా అడుగుతూనే ఉంటుంది. అది కొంతమందికి కారంగా తగిలేదేమో.

మార్కెట్టు పని అయ్యాక తళి రోడ్డులోని నా షెడ్డు మీదుగానే ఆమె ఇంటికి పోవాలి. కారుకు ఏమైనా ఉంటే ఆగేది. రివర్సు తీయాల్సిన అవసరం రాకుండా ముందే రోడ్డు వైపు ముఖం పెట్టి నిలిపేది. ఇంజను ఆపే ముందు మీటర్ల మీద అరచెయ్యి గొడుగు పట్టి, తల వంచి ఎర్ర దీపాన్ని చూసేది. అది ఆరి ఉందని నమ్మకం కుదిరాకే తాళం తిప్పేది. దిగేటప్పుడు కొంగు బొడ్లో దోపుకుని, నడుముకు ఒక చెయ్యి ఆనించి నిలబడి, ముందుగా నన్ను అడిగే మాట ఎప్పుడూ ఒకటే.

"ఏమప్పా, మీ ఊర్లో మామిడి పూత పట్టిందా?"

మాది వేప్పనపల్లి దగ్గర. మాకు ఇంకా నాలుగు మామిడి చెట్లు ఉన్నాయి. ఆ సంగతి ఒకసారి చెప్పిన పాపానికి, ఏ కాలంలో వచ్చినా ఇదే పలకరింపు. ఆడి నెలలో, ఆషాఢపు వాన కొడుతున్నప్పుడూ ఇదే. "ఇప్పుడు యాడిదమ్మా పూత?" అంటే, "ఓ, అయిపోయిందా," అని నిజంగానే విచారపడేది. వాళ్ల మిట్ట ఊరి చలికి మామిడి సరిగా కాయదు. అందుకే ఆమెకు మామిడి అంటే దూరపు చుట్టాల క్షేమం అడిగినట్టు.

పాత కార్లలో ఉండే ఈ ఎర్ర దీపం గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఇప్పటి బండ్లలో ఆల్టర్నేటరు ఉంటుంది. అప్పటివాటిలో డైనమో. ఇంజను తిరిగితే డైనమో తిరుగుతుంది, బ్యాటరీకి కరెంటు ఎక్కిస్తుంది. తాళం తిప్పగానే దీపం వెలగాలి, ఇంజను పడి కొంచెం వేగం అందుకోగానే ఆరిపోవాలి. ఆరకపోతే డైనమో పని చేయడం లేదని అర్థం. చాలామంది డ్రైవర్లకు అంతవరకే తెలుసు. ఆమెకు అది చాలలేదు. మొదటిసారి వచ్చినప్పుడే అడిగింది.

"తెరిచేది తర్వాత తెరువుదువు. ఆ దీపం ఎట్ల ఆరుతాదో నాకు అర్థమయ్యేటట్టు చెప్పప్పా. దాన్ని ఆర్పేది ఎవురు?"

నేను స్పానరు కింద పెట్టి చెప్పాను. "దాన్ని ఎవురూ ఆర్పరమ్మా. దీపానికి రెండు పక్కల రెండు తీగలు. ఒకటి బ్యాటరీ నుంచి తాళం మీదుగా వస్తాది. ఇంకొకటి డైనమో నుంచి వస్తాది. డైనమో ఊరికే ఉన్నప్పుడు బ్యాటరీ నుంచి కరెంటు దీపంలో దూరి అటు పోతాది, అందుకే వెలుగుతాది. డైనమో తిరిగి దాని బలం బ్యాటరీ బలానికి సరిపోయిందనుకో, అటూ ఇటూ తోపు సమానం. కరెంటు కదలదు. దీపం ఆరిపోతాది."

ఆమె కాసేపు ఆలోచించింది. "అంటే రెండు మడుగుల నడుమ కాలవ మాదిరి. రెండు పక్కలా నీళ్లు సమానంగా ఉంటే కాలవలో నీళ్లు కదలవు."

"అంతేనమ్మా."

"సరే, ఇప్పుడు తెరువు," అంది.

ఆ తర్వాత ఎవరు అడిగినా నేను కాలవ లెక్కనే చెబుతున్నాను.

కారు నా దగ్గర వదిలి ఎప్పుడూ పోలేదు. మూలన బోర్లించి ఉన్న పాత బ్యాటరీ పెట్టె మీద కూర్చునేది. పని అయ్యేదాకా కొత్తిమీర కట్టల్లో పండుటాకులు ఏరుతూ, మధ్యమధ్య "ఇప్పుడు ఏం చేస్తా ఉండావు?" అని అడిగేది. నేను చెప్పేవాణ్ని. కరెంటు పని ఒంటరి పని. తల బానెట్‌లో పెట్టి గంటలు గడిపే నాకు, చేసేది చేసినట్టు ఒకరికి చెప్పుకోవడం బాగుండేది. చెబుతూ ఉంటే ఒక్కోసారి తప్పు ఎక్కడుందో నాకే తట్టేది.

ఒకసారి ముఖం చిన్నబుచ్చుకుని వచ్చింది. "దీపం వెలగలేదప్పా," అంది.

"ఆరి ఉంటే మంచిదే కదమ్మా."

"ఏం మంచిది? తాళం తిప్పితే వెలగాల, ఇంజను పడితే ఆరాల. వెలగనే వెలగకపోతే అది ఆరిందో చచ్చిందో నాకెట్ల తెలుస్తాది?"

బల్బు పోయింది. మార్చాను. తాళం తిప్పగానే ఎర్రగా వెలిగితే, పొరుగింటి పిల్ల చాన్నాళ్లకు కనబడినట్టు దాని వైపు చూసి నవ్వింది. అందరూ ఆ దీపం వెలిగితే భయపడతారు. అది వెలగడం చూసి సంతోషపడినది నా అనుభవంలో ఆమె ఒక్కతే.

ఆ కారు ఆమె మొగుడు కొన్నది. ఆయన పోయాక కొన్నాళ్లు గడ్డివామి పక్కన నిలిచిపోయింది. మార్కెట్టుకు మూటలు చేర్చే వ్యాను ఒకరోజు వచ్చి రెండు రోజులు రాకపోతుంటే, చిక్కుడు ముదిరిపోతుంటే, ఆమె కారు మీద గడ్డి దులిపి నడపడం నేర్చుకుంది. ఇంతకన్నా ఆమె జీవితం గురించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మా మాటలన్నీ బెల్టు వదులైందా, డైనమోలో బ్రష్షులు అరిగాయా అనే వాటి చుట్టూనే తిరిగేవి. అయినా నాకు బాగా తెలిసినవాళ్లెవరని ఎవరైనా అడిగితే, ఆ కొద్దిమందిలో ఆమెను చెబుతాను.

ఇప్పుడు చెప్పబోయేది కొంతకాలం కిందటి వానాకాలంలో జరిగింది. ఆమెకు అప్పటికి డెబ్భై దాటి ఉంటాయి. ఒక ఉదయం ఆమె కొడుకు ఫోన్ చేశాడు. మెత్తటి మనిషి. ఊర్లోనే తల్లితో ఉంటాడు, గ్రీన్‌హౌస్‌లో గులాబీలు వేస్తాడు.

"అన్నా, అమ్మ నీ తావకు వస్తా ఉండాది. దీపం సన్నగా వెలుగుతానే ఉండాదంట. నేను చూసినాను, నా పెండ్లాం చూసింది. ఏమీ లేదు. మొన్న గేటు స్తంభానికి కారు ఎడమ పక్క గీసుకొనింది. స్తంభం కనపడలేదంట. అంత స్తంభం కనపడలేదు, లేని దీపం మాత్రం కనపడతా ఉండాది."

"కండ్లు చూపించినారా?"

"కృష్ణగిరిలో మంచి డాక్టరు ఉండాడు, పోదాము రామ్మా అని ఎన్ని తూర్లు బతిమాలినానో. నా కండ్లకేమీ లేదంటాది. నిన్న పెద్ద రగడ అయ్యింది. ఆఖరుకు ఒక మాటకు వచ్చినాము. దీపం లేదని నువ్వు చెప్తే, తాళం నా చేతికిస్తాది."

"ఉంటే?"

"ఉండదన్నా." గొంతు తగ్గించాడు. "ఒకవేళ ఉన్నా... నువ్వు లేదనే చెప్పన్నా. ఆ రోడ్డు మీద లారీలు ఎట్ల పోతా ఉండాయో నీకు తెలీదా? పొద్దున అమ్మ బయలుదేరినప్పటి నుంచి మార్కెట్టు నుంచి ఫోన్ వచ్చేదాకా నాకు నోట్లో ముద్ద దిగేది లేదు."

అతని గొంతు వింటే కోపం రాలేదు. అతని చోట నేనున్నా అదే అడిగేవాణ్ని. చూద్దామని మాత్రం చెప్పి ఫోన్ పెట్టేశాను.

మబ్బు విడిచి ఎండ బాగా కాస్తున్న పూట. తెల్ల కారు వచ్చింది, వెనకే బైకు మీద కొడుకు. ఎడమ తలుపు మీద పొడుగ్గా గీత పడి ఉంది. ఆమె దిగి నడుముకు చెయ్యి ఆనించి నిలబడింది. ఆరోజు మామిడి పూత గురించి అడగలేదు. నేను ఆమెకు ఎడమ పక్కగా వెళ్లి పలకరిస్తే, ఉలిక్కిపడి ఒళ్లంతా తిప్పి చూసింది.

"ఇంజను ఆడతా ఉండాది. చూడప్పా," అంది.

డ్రైవరు సీట్లో కూర్చుని చూశాను. దీపం ఆరి ఉంది. చెయ్యి గొడుగు పట్టి చూశాను. ఆక్సిలేటరు తొక్కి చూశాను, వదిలి చూశాను. ఎర్ర గాజు మీద ఎండ మెరుస్తోంది తప్ప లోపల ఏమీ కనబడలేదు. అబద్ధం చెప్పే అవసరం రాలేదని ఒకపక్క తేలికగా అనిపించింది. దిగి నిలబడ్డాను.

"నాకు కనపడలేదమ్మా."

కొడుకు గెలిచినట్టు చూడలేదు. నేల చూశాడు. ఆమె కారు పైన చెయ్యి వేసి, ఆడుతున్న ఇంజను వణుకు అరచేతికి తగులుతుండగా అలాగే నిలబడింది. నా కళ్లు ఆమె ముఖం మీద నిలవలేదు. ఎప్పుడూ మెత్తగానైనా మళ్లీ అడిగే మనిషి, అప్పుడు అడగలేదు.

కాసేపటికి, ఎవరికీ కాదన్నట్టు అంది. "వానలో ఇంకా బాగా వెలుగుతాది."

"వానలో మబ్బు పట్టి చీకటిగా ఉంటాది కదమ్మా. అందుకే అట్ల అనిపిస్తాది," అన్నాడు కొడుకు.

"మబ్బుకు కాదు. మబ్బున్నా వాన లేకపోతే అంత వెలగదు." అంటూనే వెనక తలుపు తీసి, సీటు జాగాలో మడిచి ఉన్న నల్ల కంబళి బయటకు లాగింది. పొద్దుటి చలికి కప్పుకునే గొర్రె బొచ్చు కంబళి. దాన్ని ముందు అద్దం లోపల నుంచి స్టీరింగు మీదుగా పరిచి, తాను పక్క సీట్లో కూర్చుని తల మీదుగా లాక్కుంది. "రా అప్పా," అని లోపల నుంచి పిలిచింది.

నేను టీ అంగడి వైపు చూశాను. అక్కడ గ్లాసులు పట్టుకున్నవాళ్లందరూ మా వైపే చూస్తున్నారు.

"ఎవురినీ చూడొద్దు. నువ్వు నా కొడుకు మాదిరి. రా."

వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చుని కంబళిలో తల దూర్చాను. ఆమె అంచులన్నీ వెతికి వెతికి వెలుతురు రాకుండా దోపింది. లోపల గొర్రె బొచ్చు వాసన, కొత్తిమీర వాసన, పెట్రోలు వాసన. కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి.

"ఏమీ లేదమ్మా," అన్నాను.

"తొందరపడొద్దు. కండ్లకు చీకటి అలవాటు కానీ."

ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. చెమట కారుతోంది. బయట ఎవరో నవ్వడం వినిపించింది. ఇక చాలు, తీసేద్దామనుకుంటుండగా ఎదురుగా ఒక మసక చుక్క కనబడింది. కంట్లోనే ఏదో మెదిలిందనుకుని ఒక కన్ను మూశాను. ఉంది. రెండోది మూసి చూశాను. ఉంది. బూడిద కింద మిగిలిన నిప్పంత ఎరుపు.

"ఉండాదమ్మా," అన్నాను.

చీకట్లో ఆమె ఊపిరి పొడుగ్గా వదలడం వినిపించింది.

అప్పుడు నాకు వాన మాట గుర్తొచ్చింది. వాన పడితే ఆమె ఏం చేస్తుంది? "అమ్మా, వైపర్లు వెయ్యి," అన్నాను. ఆమె చెయ్యి వెతుక్కోకుండానే స్విచ్చు మీదకు పోయింది. అద్దం మీద వైపర్లు గీరుకుంటూ కదిలాయి. ఎర్ర చుక్క కాస్త పెద్దదైంది. "ఆపు," అన్నాను. సన్నబడింది. "మళ్లీ వెయ్యి." మళ్లీ పెరిగింది. ఆమె చెప్పింది ప్రతి ముక్కా నిజం. మబ్బుకు కాదు.

నేను బయటకు వచ్చి కొడుకును పిలిచాను. "నువ్వు కూర్చో, పో."

అతను కంబళిలోకి దూరాడు. నేను బయట నిలబడి అంచు పట్టుకున్నాను. చాలాసేపు లోపల నుంచి మాట లేదు. తల్లి గొంతు ఒకసారి "తొందరపడొద్దు నాయనా," అంది. తర్వాత వైపర్లు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. అప్పుడు కొడుకు గొంతు చాలా చిన్నగా వినిపించింది.

"అవునమ్మా."

టీ అంగడి ముందు నవ్వు ఆగిపోయింది. అక్కడివాళ్లకు ఏమీ అర్థమై ఉండదు, అయినా ఆగిపోయింది.

తప్పు ఎక్కడుందో ఇక వెతకాలి. డైనమో బెల్టు బిగువుగానే ఉంది. బ్రష్షులు ఈమధ్యే మార్చాను. డైనమోను బ్యాటరీకి కలిపి, అవసరమైనప్పుడు విడదీసే చిన్న డబ్బా ఒకటి ఉంటుంది, మేం కటౌట్ అంటాం. దాని పాయింట్లు శుభ్రంగానే ఉన్నాయి. బ్యాటరీ బాగుంది. అన్నీ బాగున్నాయి, దీపం మాత్రం వెలుగుతోంది. అంటే తప్పు వస్తువుల్లో లేదు, వాటి మధ్య దారిలో ఉంది. వైపర్లు వేస్తే పెరుగుతోంది అంటే, వైపర్లకూ దీపానికీ కలిసి కరెంటు మోసే తీగ ఒకటే, బ్యాటరీ నుంచి తాళం మీదుగా వచ్చేది. ఆ తీగలో ఎక్కడో కరెంటు ఇరుకున పడుతోంది. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర ఉన్న బలం తాళం దగ్గరకు వచ్చేసరికి తగ్గిపోయింది. ఇదంతా నేను చేస్తూ చెబుతూనే ఉన్నాను. ఆమె పెట్టె మీద కూర్చుని "ఊఁ" కొడుతోంది.

"మీ కాలవ ఒక పక్క పూడిందమ్మా," అన్నాను.

డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని టార్చి వేస్తే కనబడింది. తాళానికి పోయే తీగను ఎవరో ఎప్పుడో తెంపి, మెలిపెట్టి కలిపి, దాని మీద మందుల షాపులో దొరికే గాయాల ప్లాస్టరు చుట్టారు. విప్పితే లోపల రాగి అంతా పచ్చగా చిలుము పట్టి ఉంది. ఆ ప్లాస్టరు ముక్కను బయటకు చూపించాను.

ఆమె దాన్ని ముఖానికి దగ్గరగా తీసుకుని చూసి నవ్వడం మొదలుపెట్టింది. "ఇది ఆయన చుట్టింది. కాలికి దెబ్బ తగిలినా ఇదే, పైపు కారినా ఇదే, కరెంటుకూ ఇదేనా! తర్వాత సరిగా చేస్తాననేవాడు. ఏ పనీ సరిగా చేసినోడు కాదు." నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. కొడుకు కూడా నవ్వాడు. ఆ ప్లాస్టరు ముక్కను ఆమె నా చెత్తడబ్బాలో వేసేసి, "నువ్వు సరిగా చెయ్యప్పా," అంది.

కొత్త తీగ వేసి, టంకం పెట్టి, మంచి టేపు చుట్టాను. ఇంజను వేశాక ఆమె ఒక్కతే కంబళి కప్పుకుని కూర్చుంది. వైపర్లు వేసి చూసుకుంది, ఆపి చూసుకుంది. మేమిద్దరం బయట కాచుకున్నాం. చివరికి కంబళి తీసి, చెదిరిన జుట్టుతో, "ఆరింది," అంది.

తాళం ఆమెదే. మాట ప్రకారం ఆమె గెలిచింది. ఇక నేను గేటు స్తంభం సంగతి ఎత్తక తప్పదు. ఎలా మొదలుపెట్టాలా అని గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాను. ఈలోగా ఆమే కొడుకు వైపు ఒళ్లంతా తిరిగింది.

"దీపం చూసింది నిజం. గేటు స్తంభం కనపడనిదీ నిజమే నాయనా. కృష్ణగిరికి ఎప్పుడు పోదాము?"

అతను "రేపే పోదామమ్మా," అన్నాడు. ఆమె డ్రైవరు సీటు వైపు పోలేదు. పక్క సీట్లో కూర్చుంది. అతను బైకు నా షెడ్డులో పెట్టి, కారు తాను నడుపుకుంటూ తల్లిని ఇంటికి తీసుకుపోయాడు.

కృష్ణగిరి డాక్టరు ఏం చెప్పాడో అతను బైకు కోసం వచ్చినప్పుడు చెప్పాడు. కంట్లో నీటి ఒత్తిడి పెరిగి పక్కచూపు పోయిందట. ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుంది, పక్కన ఉన్నది కనబడదు. పోయింది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవడానికి రోజూ చుక్కల మందు వేసుకోవాలి, బండి నడపకూడదు. ఆమె అన్నీ విని, ఒకే ప్రశ్న అడిగిందట. "ఇన్నాళ్లు పక్కన ఏమేం పోయినాయో నాకెట్ల తెలియకపోయె?" నెమ్మదిగా పోతే మనిషికి తెలియదమ్మా అన్నాడట డాక్టరు.

తాళం కొడుక్కి ఇవ్వలేదు, కోడలికిచ్చింది. "వాడు తొందర మనిషి," అందట. కోసేసిన రాగి చేనులో కోడలికి తానే కారు నడపడం నేర్పింది. ఆ తర్వాత కారు కోడలు నడుపుకుంటూ వచ్చేది. ఆమె పక్క సీట్లో కూర్చుని, బయలుదేరే ప్రతిసారీ "ఆరిందా?" అనేది. కోడలు ఓపికగా చెయ్యి గొడుగు పట్టి చూసి, "ఆరిందత్తా," అనేది. నేను ఇద్దరినీ చూస్తూ నిలబడేవాణ్ని.

ఆమెను చివరగా చూసింది ఈ ఏడాది మొదట్లో. కారు లేదు. ఊరివాళ్లెవరితోనో బస్సులో వచ్చి, మా షెడ్డు ముందు దిగి, నెమ్మదిగా నడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"కారుకు ఏమైందమ్మా?"

"కారుకేమీ లేదు. నేనే సుమ్మనే, ఊరికే వచ్చినాను. మీ ఊర్లో మామిడి పూత పట్టిందా?"

ఆరోజు నిజంగానే పూత కాలం. "నిండుగా పట్టిందమ్మా," అన్నాను. చాలా సంతోషపడింది. పెట్టె మీద కూర్చుంది. టీ తెప్పించాను. గ్లాసు ఇస్తే, ఒక వేలు ముందు నా చేతిని తాకి, తర్వాత గ్లాసు పట్టుకుంది. నేను ఒక లారీ స్టార్టరు విప్పుతున్నాను. ఎప్పటిలాగే చేసేది చేసినట్టు చెబుతున్నాను. మధ్యలో, చాలా రోజులుగా మనసులో ఉన్న మాట అడిగాను.

"అన్నాళ్లు కృష్ణగిరికి రానంటివి కదమ్మా. ఆ పొద్దు అంతలోనే ఎట్ల ఒప్పుకొంటివి?"

టీ ఊదుకుంటూ ఆలోచించింది. "ఇంట్లో అందరూ లేదు లేదంటా ఉంటే, నాకు కనపడేది నేను గట్టిగా పట్టుకొని కూర్చొనింటినప్పా. అది వదిలితే అంతా పోతాదని భయం. నువ్వు కూడా లేదనింటే, మొండికి ఇంకా నడిపేదాన్నేమో. యాడో ఒక తావ ఎవురినో గుద్దేదాన్ని. నువ్వు ఉండాదంటివి. అప్పుడు భయం పోయింది. నాకు కనపడనిది కూడా ఉంటాదని ఒప్పుకొనేదానికి ధైర్యం వచ్చింది."

ఆ కంబళిలో నుంచి నేను ఒక్క నిమిషం ముందే లేచి ఉంటే ఏమై ఉండేదో ఆలోచించడం నాకు ఇప్పటికీ ఇష్టం ఉండదు.

బస్సు వేళ అయిందని లేచింది. తళి వైపు పోయే బస్సు రోడ్డుకు అవతల ఆగుతుంది. ఆమెతో వచ్చినవాళ్లు అప్పటికే అక్కడ నిలబడి ఉన్నారు. నేను చేతులు తుడుచుకుని వెంట వెళ్లాను. రోడ్డు అంచున ఆగి, ఆమె ఎటూ తల తిప్పలేదు. నా మోచెయ్యి పట్టుకుంది.

"ఏమన్నా వస్తా ఉండాదా అప్పా?"

"ఒక లారీ వస్తా ఉండాదమ్మా. ఉండు."

లారీ దుమ్ము రేపుకుంటూ మా ముందు నుంచి పోయింది. ఆ గాలికి ఆమె కొంగు ఎగిరింది. ఆమె పట్టు మాత్రం బిగియలేదు, వదులూ కాలేదు.

"ఇప్పుడు పోదామమ్మా," అన్నాను.

అటూ ఇటూ చూడకుండా, ఆమె రోడ్డు మీదికి అడుగు వేసింది.